నలభై రౌండ్ల పాపారాజు గారు

పాపారాజు గారితో ఏ సంగతి చెప్పాలన్నా ముందు ఫిజిక్స్ బ్లాకు చుట్టూ నడిచి రావాలి. ఇంకో దారి లేదు. ఫ్యాను పాడైందన్నా, పెళ్ళి కుదిరిందన్నా, కాలేజీకి నిప్పంటుకుందన్నా ఆయన కంగారు పడేవారు కాదు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, జ్వరం చూసే డాక్టరులాగా మన మొహంలోకి ఓ నిమిషం చూసి, ఒక అంకె చెప్పేవారు.

"అయిదు రౌండ్లండి. తిరిగొచ్చి చెప్పండి."

నిప్పు సంగతి నేను కల్పించింది కాదు. కెమిస్ట్రీ ల్యాబులో కర్టెన్ అంటుకున్న రోజున అటెండర్ లోకనాథ్ గుండెలు బాదుకుంటూ వచ్చి "సార్, మంటలండీ!" అన్నాడు. "ఒక్క రౌండు," అన్నారు పాపారాజు గారు. అలవాటైన ప్రాణం కాబట్టి లోకనాథ్ ఏడుస్తూనే బ్లాకు చుట్టి వచ్చాడు. వచ్చేసరికి మంట లేదు. "చూశావా, చల్లారాక చూస్తే సమస్యే ఉండదు," అన్నారాయన. అప్పుడు ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. మేమెవరం పట్టించుకోలేదు.

నా పేరు ఆశాజ్యోతి. భీమవరంలో మా కాలేజీ ఫిజిక్స్ డిపార్టుమెంటుకి పాపారాజు గారు హెడ్డు, నేను ఆయన కింద లెక్చరర్ని. ఆయన దగ్గర పనిచేసిన తొమ్మిదేళ్ళలో నేను ఆ బ్లాకు చుట్టూ నడిచిన దూరమంతా కలిపితే తుని దాకా వెళ్ళి వెనక్కి రావచ్చు. కారణం ఏంటంటే నాకు కోపం ఎక్కువ. ఇది నేనే ఒప్పుకుంటున్నాను కాబట్టి మా ఆయన్ని అడగక్కర్లేదు.

చేరిన మొదటి రోజే నాకు రౌండ్లు పడ్డాయి. జూన్ ఉక్కలో నా గదిలో ఫ్యాను కదలడం లేదు.

"ఆఫీసులో మూడుసార్లు చెప్పానండి సార్. ఒక్కరూ పలకరే!" అన్నాను.

"మూడు రౌండ్లండి."

"ఏంటండీ?"

"బ్లాకు చుట్టూ. మధ్యలో ఆగకూడదు."

"నేను చెప్పేది ఫ్యాను గురించి సార్!"

"ఫ్యాను గురించయితే మూడేనండి. మనుషుల గురించయితే అయిదు నుంచి మొదలు."

చేరిన రోజునే హెడ్డుతో గొడవెందుకని నడిచాను. ఒక రౌండుకి రెండు నిమిషాలు పడుతుంది. ఆరు నిమిషాల తర్వాత గదికి వెళితే ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "చల్లారాక చూస్తే సమస్యే ఉండదండి," అన్నారు పాపారాజు గారు, తన గదిలో విసనకర్రతో విసురుకుంటూ. నా కోపమే ఫ్యాన్ని ఆపేసిందేమోనని నేను సాయంత్రం దాకా సిగ్గుపడ్డాను. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో డిస్టింక్షన్ తెచ్చుకున్న మనిషిని!

ఈ పిచ్చి ఆయనకి స్వీడన్‌లో అంటుకుంది. వయసులో ఉండగా అక్కడ ఒక పరిశోధనశాలలో రెండేళ్ళు పనిచేసి వచ్చారు. అక్కడ వాళ్ళకి ఒక రింగు ఉంది. అయాన్ స్టోరేజ్ రింగ్ అంటారు. మామూలుగా ఇది ఎమ్మెస్సీ వాళ్ళకి చెప్పే విషయం. పాపారాజు గారు మాత్రం పాలబ్బాయికీ, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికీ కూడా చెప్పేవారు. లోకనాథ్‌కి చెబుతుండగా నేను కనీసం పదిసార్లు విన్నాను.

"అణువు లోంచి ఒక ఎలక్ట్రాన్ని లాగేశామనుకో లోకనాథ్. దానికి చార్జి వస్తుంది. అప్పుడు దాన్ని అయాన్ అంటాం. చార్జి ఉన్నదాన్ని కరెంటు పలకలు పెట్టి ఎటు కావాలంటే అటు మలుపు తిప్పచ్చు. అలా గుండ్రంగా, గాలన్నది లేని గొట్టంలో, అదే పనిగా పరిగెత్తిస్తాం. ఆ గొట్టం గోడలు ఎంత చల్లగా ఉంటాయనుకున్నావు? సున్నాకి రెండొందల అరవై డిగ్రీలు కింద!"

"మన ఐసు ఫ్యాక్టరీ కన్నానా అండి?"

"ఐసు ఫ్యాక్టరీ దాని ముందు పొయ్యిలాంటిది. ఎందుకు తిప్పుతామంటావా? పుట్టినప్పుడు అణువు మహా వేడి మీద ఉంటుంది. ఊగిపోతూ ఉంటుంది. అప్పుడు ప్రశ్న వేస్తే పది రకాలుగా చెబుతుంది. తిరిగే కొద్దీ దాని వేడి కంటికి కనబడని వెలుగుగా బయటికి పోతుంది. నిమ్మళిస్తుంది. అప్పుడు లేజరు వేసి అడిగితే ఒక్కటే మాట చెబుతుంది."

"ఎన్ని రౌండ్లు తిప్పుతారండి?"

"సెకనుకి కొన్ని వేలు."

"పాపమండి," అనేవాడు లోకనాథ్ ప్రతిసారీ. "మధ్యలో కాసిని మజ్జిగన్నా ఇవ్వరా అండి?"

క్లస్టర్ గురించి కూడా ఆయనే చెప్పేవారు. నాలుగైదు వెండి పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటే అదొక వెండి క్లస్టర్. దానికి చార్జి ఎక్కించి రింగులో తిప్పుతారు. క్లస్టర్ మరీ వేడి మీదుంటే తనలో ఒకణ్ణి బయటికి తోసేస్తుంది. తోసేసినవాడికి చార్జి ఉండదు, కాబట్టి మలుపు తిరగడు. తిన్నగా వెళ్ళి చివర పెట్టిన డిటెక్టరుకి గుద్దుకుంటాడు. అలా ఎంతమంది గుద్దుకున్నారో లెక్కపెడితే లోపల ఇంకా ఎంత వేడి ఉందో తెలుస్తుంది. మా స్టాఫ్ మీటింగులో ఎవరైనా కుర్చీ వెనక్కి తోసి లేచారంటే పాపారాజు గారు నా చెవిలో "అదుగో, ఒకడు బయల్దేరాడు" అనేవారు. తొమ్మిదిసార్లు ఆ బయల్దేరింది నేనే.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి వాళ్ళింటికి భోజనానికి వెళితే ఆయన భార్య వడ్డిస్తూ చెప్పారు.

"మా పెద్దమ్మాయి పెళ్ళిలో వియ్యంకులు గారు రొయ్యల వేపుడు తన దాకా రాలేదని అలిగారమ్మా. అలాంటప్పుడు ఎవరైనా కాళ్ళావేళ్ళా పడతారు కదా. ఈయన ఆయన్ని మండపం చుట్టూ పదకొండు రౌండ్లు తిరిగి రమ్మన్నారు!"

"తిరిగారా అండి?"

"ఆయ్. పట్టుపంచెతో తిరిగారు. వచ్చి కూర్చునేసరికి ఆయన విస్తట్లో గుట్టగా రొయ్యలు! ఇంకో పదకొండు తిరుగుతాను, మటన్ కూడా వస్తుందా అన్నారమ్మా ఆ మహానుభావుడు."

"రొయ్యలు ఎక్కణ్ణుంచి వచ్చాయండి?"

"చల్లారాక చూస్తే అక్కడే ఉన్నాయట," అన్నారావిడ. పాపారాజు గారు కాఫీ గ్లాసుని పళ్ళెంలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతున్నారు.

ఇక రాణి సంగతి చెప్పాలి. మొగల్తూరు అవతల సముద్రం పక్క పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాన్న లేడు. తల్లి మరిడమ్మ చేపలమ్మి చదివిస్తోంది. రాణి ఎమ్మెస్సీ ఆఖరి ఏడు ప్రాజెక్టుకి పాపారాజు గారు స్వీడన్‌లోని పాత స్నేహితుణ్ణి అడిగి వెండి క్లస్టర్ల లెక్కలు తెప్పించి ఇచ్చారు. రింగులో తిరుగుతూ అవి ఎంతసేపటికి ఎంత చల్లారాయో గీతలు గీయడం ఆ పిల్ల పని. బస్సులో కూర్చుని గీసేది. బస్సు దిగేసరికి ఏదో ఒకటి కనిపెట్టేసేది.

"సార్! నాలుగో నిమిషం తర్వాత గీత వంగట్లేదు సార్! క్లస్టర్ చల్లారడం మానేసింది సార్!"

"ఎనిమిది రౌండ్లమ్మా."

ఉదయం తొమ్మిదీ యాభైకి ఇది జరిగేది. ఎనిమిది రౌండ్లకి పదహారు నిమిషాలు. తిరిగొచ్చేసరికి పాపారాజు గారి దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ జవాబు పట్టుకుని పదీ పదికి రాణి నా క్లాసుకి వచ్చేది.

నా క్లాసు పదింటికి. పది కాగానే ఫోనులో హాజరు మూసేస్తాను. తర్వాత ఎవరొచ్చినా కూర్చోవచ్చు, పాఠం వినచ్చు, నన్ను ప్రశ్నలతో చంపచ్చు. హాజరు మాత్రం పడదు. అది నా రూలు. ఎవరి కోసమూ మార్చలేదు.

"ఏమ్మా, మళ్ళీ లేటు?"

"రౌండ్లు మేడం."

"రౌండ్లకి నా దగ్గర కాలమ్ లేదమ్మా. కూర్చో."

క్లాసంతా నవ్వేది. నేనూ కాస్త గర్వంగానే నవ్వేదాన్ని.

ఒకసారి మరిడమ్మ కాలేజీకి వచ్చింది. ఖాళీ చేపలబుట్ట చంకలో పెట్టుకుని నేరుగా పాపారాజు గారి గదిలోకి వెళ్ళింది. ఇవాళ ఎన్ని రౌండ్లో చూద్దామని మేమందరం గుమ్మంలో చేరాం.

"మా అమ్మి ఇక్కడికి సదువుకోడానికి వత్తందా, తిరగడానికి వత్తందా అండి?" అంది మరిడమ్మ. "ఇంటికొత్తే కాళ్ళు లాగేత్తన్నాయంటది."

పాపారాజు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోశారు.

"నన్ను కూడా తిరగమంటారంట కదండీ? తెల్లారకుండా లేచి నెత్తి మీద బుట్టెట్టుకుని ఊరంతా తిరిగే వత్తన్నానండి. ఇంకెన్ని తిరగమంటారో సెప్పండి!"

ఆయన కుర్చీలోంచి లేచారు. తన కుర్చీ ఆవిడ వైపు జరిపారు. "మీకు సున్నా అండి. కూర్చోండి," అన్నారు. ఆ సున్నా మళ్ళీ ఎవరికీ పడలేదు.

ఏప్రిల్ రెండో వారంలో బాంబు పడింది. హాజరు తక్కువైన వాళ్ళ జాబితా మధ్యాహ్నం రెండింటికి నోటీసు బోర్డు ఎక్కింది. అందులో రాణి పేరుంది. ప్రతి సబ్జెక్టులో డెబ్బై అయిదు శాతం ఉండాలి, ఆమెకి ఒకదాంట్లో అరవై రెండు. జాబితా నాలుగింటికి యూనివర్సిటీకి వెళుతుంది. పేరు తీసేయాలంటే ప్రిన్సిపాల్ సంతకం ఉండాలి. లేకపోతే హాల్ టికెట్ రాదు, ఈ ఏడు పరీక్ష లేదు.

మామూలుగా అయితే ఒక ఏడు పోయింది అనుకోవచ్చు. కానీ ఆ రింగు ఉన్న ల్యాబు వాళ్ళు రాణి గీతలు చూసి, జూన్ నుంచి మూడు నెలలు తమ దగ్గరికి శిక్షణకి రమ్మని ఉత్తరం రాశారు. పరీక్షలు రాసి ఉండాలన్నది ఒక్కటే షరతు. మరిడమ్మ ఆ ఉత్తరాన్ని చేపల మార్కెట్టులో చదువొచ్చిన ప్రతివాడి చేతా చదివించుకుంది.

రాణి బోర్డు ముందు నిలబడి ఉంది. ఏడవడం లేదు. "మేడం, పదహారు నిమిషాల రౌండ్లకి ఏడాది పోతుందా మేడం?" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రిన్సిపాల్ సురేష్‌బాబు గారికి ఫోను చేశాను. ఆయన వీరవాసరంలో ఎవరిదో పెళ్ళికి వెళ్ళారు, ఫోను ఎత్తడం లేదు. తిన్నగా పాపారాజు గారి గదిలోకి వెళ్ళి తలుపు దడేల్‌మని తోశాను.

"ఇదంతా మీవల్లేనండి! చల్లారాలి, చల్లారాలి అని ఆ పిల్లని రోజూ బ్లాకు చుట్టూ తిప్పారు. ఇప్పుడు దాని బతుకు చల్లారిపోతోంది! రాణికి హాల్ టికెట్ రాకపోతే రేపట్నుంచి నేనీ కాలేజీ గుమ్మం తొక్కను. రాజీనామా ఇప్పుడే రాసిస్తాను!"

పాపారాజు గారు నా మొహంలోకి చూశారు. ఈసారి నిమిషం కాదు, ఒక్క క్షణమే చూశారు.

"నలభై రౌండ్లండి."

"సార్!"

"నలభై."

"టైం రెండుంబావయింది సార్! నాలుగింటికి లిస్టు వెళ్ళిపోతుంది!"

"అందుకేనండి. త్వరగా మొదలెట్టండి."

ఎందుకు నడిచానో నాకిప్పటికీ తెలియదు. తొమ్మిదేళ్ళ అలవాటు కాళ్ళలోకి దిగిపోయిందనుకుంటాను. మూల దగ్గర లోకనాథ్ స్టూలు వేసుకుని గోడ మీద సుద్దతో గీతలు పెడుతున్నాడు. పాపారాజు గారి తలుపు మూసి ఉంది.

"సార్ ఏం చేస్తున్నారు?" అని అయిదో రౌండులో అడిగాను.

"ఆలోచిస్తన్నారండి."

పన్నెండో రౌండులో అడిగాను. "ఇంకా ఆలోచిస్తన్నారండి." పంతొమ్మిదిలో అడిగితే, "బాగా లోపలికెళ్ళి ఆలోచిస్తన్నారండి, పిలవద్దన్నారు," అని తల పక్కకి తిప్పుకున్నాడు.

మొదటి పది రౌండ్లూ పాపారాజు గారిని తిట్టుకున్నాను. తర్వాతి పదీ పెళ్ళిభోజనం చేస్తున్న సురేష్‌బాబు గారిని తిట్టుకున్నాను. ఇంకో అయిదు, రూల్సు పెట్టినవాళ్ళని. ఇరవై ఆరో రౌండులో తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. పది కాగానే ఫోనులో హాజరు మూసేసింది ఎవరు? రౌండ్లకి కాలమ్ లేదని క్లాసంతటినీ నవ్వించింది ఎవరు? నాకు చాలా సిగ్గేసింది. ఈసారి ఫ్యాను లాంటి సిగ్గు కాదు.

ముప్ఫై ఒకటో రౌండు ముగుస్తుండగా గేటులోంచి పాపారాజు గారి పాత స్కూటరు వచ్చింది. దాని మీద పాపారాజు గారే ఉన్నారు. జుట్టంతా దుమ్ము. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. సంతలో సైకిళ్ళు కూడా దాటిపోయే స్కూటరు అది. దాని మీద ఆయన వీరవాసరం వెళ్ళి గంటలో తిరిగొచ్చారు.

"మీరు లోపల ఆలోచిస్తున్నారు కదండీ?" అన్నాను.

"దారంతా ఆలోచిస్తూనే ఉన్నానండి," అని జేబులోంచి కాగితం తీశారు. 'ఈ విద్యార్థిని రాలేదని రాసిన రోజుల్లో కాలేజీ ఆవరణలోనే ఉంది. నేను తిరగమంటే బ్లాకు చుట్టూ తిరిగింది. తప్పు విద్యార్థినిది కాదు, నాది' అని రాసి సంతకం చేశారు. దాని కింద సురేష్‌బాబు గారి అనుమతి, ఎడమ చేత్తో పెట్టిన వంకర సంతకం, పక్కనే పులుసు మరక.

"పంక్తిలో కూర్చున్నారండి. కుడిచెయ్యి ఖాళీ లేదు. రోజులవారీగా రుజువు జతచెయ్యమన్నారు. ఆ బీరువాలో నా ల్యాబు రికార్డు ఉంది, రాణి తారీఖులు మీరు రాయండి. నాకు కాస్త ఆయాసంగా ఉంది."

ఆ బీరువాలో ఒకటి కాదు, పదకొండు రికార్డులున్నాయి. తిప్పిన ప్రతి మనిషినీ రాసుకున్నారు. తారీఖు, టైము, పేరు, విషయం, రౌండ్లు. చివర ఇంకో కాలమ్ ఉంది. దాని మీద 'ఈలోగా' అని రాసి ఉంది.

రాణి తారీఖుల కోసం వెతుకుతూ ఆ కాలమ్ చదివాను. 'రాణి. గీత వంగట్లేదు. 8. ఈలోగా: నాకు తెలియదు. పుస్తకం మూడు పేజీలు చదివాను. ఇప్పుడు తెలుసు.' 'లోకనాథ్. కర్టెన్. 1. ఈలోగా: రెండు బకెట్లు పోశాను.' చెయ్యి ఆగక మొదటి రికార్డుల్లోకి వెళ్ళాను. 'ఆశాజ్యోతి గారు. ఫ్యాను. 3. ఈలోగా: కెపాసిటర్ మార్చాను. కొత్తది లేదు, నా గది ఫ్యానుది తీసి వేశాను.'

తలెత్తి ఆయన ఫ్యాను వైపు చూశాను. తొమ్మిదేళ్ళుగా అది తిరగ్గా నేను చూడలేదు. ఆయనకి గాలి పడదేమో అనుకున్నాను.

"వియ్యంకులు గారి రొయ్యలో?" అన్నాను.

"పక్క మండపంలో ఇంకో పెళ్ళి జరుగుతోందండి. వెళ్ళి అడిగాను."

"అంటే మమ్మల్ని చల్లార్చడం అంతా ఉత్తదేనా సార్?"

"ఉత్తదెందుకవుతుందండి? మీరు చల్లారలేదూ?" విసనకర్ర తీసుకున్నారు. "స్వీడన్‌లో అయాన్లు తిరుగుతున్నంతసేపూ మేం కాఫీ తాగుతూ కూర్చున్నామనుకున్నారా? లేజరు సర్దుకోవాలి, డిటెక్టరు చూసుకోవాలి. అవి చల్లారేలోగా మన పని అవ్వాలి. మూడు రౌండ్లంటే మీ గదికి వెళ్ళి రావడమండి. నలభై అంటే వీరవాసరం. అయినా రాణి తారీఖుల్లో తప్పు నాదే. టైము చూసుకోలేదు."

"సగం నాది సార్."

"ఎన్నో రౌండులో తెలిసిందండి?"

"ఇరవై ఆరు."

"పర్లేదు, త్వరగానే చల్లారారు," అన్నారు చాలా సంతోషంగా.

నాలుగింటికి పది నిమిషాలుండగా రాణి పేరు జాబితాలోంచి పోయింది. ఆ పిల్ల విని ఎగిరి గంతేసి, ఎవరూ చెప్పకుండానే బ్లాకు చుట్టూ ఒక రౌండు పరిగెత్తింది. నేను ఫోను తీసి హాజరు మూసే టైము పదీ ఇరవైకి మార్చాను.

"మీకింకా తొమ్మిది రౌండ్లున్నాయండి," అని గుర్తుచేశారు పాపారాజు గారు.

"ముందు మీరు మూడు తిరిగి రండి సార్."

"నేనా? దేనికండి?"

"ఫ్యాను గురించయితే మూడేనని మీరే అన్నారు."

రూలు రూలే కదా, చెప్పులేసుకుని వెళ్ళారు. నేనూ లోకనాథ్ కలిసి నా గది ఫ్యాను కెపాసిటర్ విప్పి తెచ్చి దాని పాత ఇంట్లో పెట్టాం. తొమ్మిదేళ్ళ దుమ్ము మా ఇద్దరి నెత్తి మీదా రాలింది. పాపారాజు గారు తిరిగొచ్చి గుమ్మంలో ఆగిపోయారు. బల్ల మీది కాగితాలన్నీ ఎగురుతున్నాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఫ్యాను వైపు చూశారు, తర్వాత నా నెత్తి వైపు చూశారు.

"చల్లారాక చూస్తే సమస్యే ఉండదండి," అన్నాను.

మర్నాడు పొద్దున నా గదిలో ఉక్కపోసింది. ఏదో పని మీద ఆయన గది ముందు నుంచి వెళుతున్నాను. నేనింకా నోరు తెరవలేదు.

"మూడు రౌండ్లండి," అన్నారు లోపల్నుంచి.

మారు మాట్లాడకుండా బయల్దేరాను. రోజూ కన్నా కాస్త మెల్లగా నడిచాను. అరవై దాటిన మనిషి స్టూలెక్కి దిగడానికి టైం పడుతుంది కదా.